మూడో చెంచా బియ్యం

గల్మే దీవి
సెప్టెంబరు 24, 1984

చెల్లెలు ఇల్‌రేకి,

ప్రభువు దయవల్ల బతికే ఉన్నాను. మొక్పో నుంచి నువ్వు పంపిన నొప్పుల పట్టీలు అందాయి. రెండు మోకాళ్ళకి వేశాను, ఒకటి నడుముకి. వాసన తప్ప ఏమీ లేదు. ఈసారి వేరే రకం పంపు.

నా అక్షరాలు పీతల్లా పక్కకి నడుస్తాయని వెక్కిరించావు. ఇరవై రెండో ఏట ఇసుకలో పుల్లతో నేర్చుకున్న అక్షరాలివి. ఇంతకంటే తిన్నగా నడవవు. ఇందులో ఇంటి సంగతులున్నాయి, పక్కింటివాళ్ళ చేత చదివించుకోకు.

ఇక్కడ నా వెనకాల ఏదో జరుగుతోంది.

పోయిన ఆదివారం కాదు, అంతకు ముందు ఆదివారం తెల్లవారుజామున పై చర్చి గంట మోగలేదు. దాన్ని గంట అనకూడదులే, కోసిన ఆక్సిజన్ సిలిండరు. రోజూ నాలుగున్నరకి నేను మన కింది చర్చి కంచు గంట కొడతాను. అది ఆగీ ఆగకముందే ఆ తక్ గిల్‌బో తన సిలిండరును సుత్తితో బాదుతాడు, సొట్టపడ్డ బిందె చప్పుడులా. ఇన్నేళ్ళలో ఒక్క రోజు తప్పలేదు. ఆ రోజు నాది మోగింది, అటువైపు నుంచి ఏమీ లేదు. నా చెవిలోనే తేడా వచ్చిందేమోనని వేలు పెట్టి తిప్పుకున్నాను కూడా.

మర్నాడు మనవాళ్ళంతా నా గంటకే లేచారు. బైబిళ్ళు చంకలో పెట్టుకుని వచ్చారు. నా గుమ్మం దాటి, కొండెక్కి, పై చర్చికి పోయారు! అందరికంటే ముందు మన పాస్టరు. పరుగెత్తి చొక్కా పట్టుకుని ఆపాను.

“ఏమయ్యా, దారి తప్పావా?”

“లేదు పెద్దయ్యా. వంద రోజులు రెండు సంఘాలూ ఏకమై తెల్లవారుజామున ప్రార్థన చేద్దామనుకున్నాం. క్రిస్మస్‌కి పూర్తవుతుంది. మీరూ రండి.”

“దేని కోసం?”

“దేవునికి తెలిసిన ఒక అక్కర కోసం.”

దేవుడికి తెలిసి, ఊరందరికీ తెలిసి, సంఘపెద్దనైన నాకు తెలియని అక్కర ఏమిటది? నేను వెళ్ళలేదు. మన చర్చిలో ఒక్కణ్ణే కూర్చుని “ప్రభువా” అన్నాను. నా గొంతే గోడకి తగిలి నాకే తిరిగొచ్చింది. ఈ గోడ రాళ్ళు సముద్రం ఒడ్డు నుంచి ఒక్కొక్కటీ నా వీపు మీద మోసినవి. సగం గిల్‌బో మోశాడు, కాదనను. అప్పుడు మేం ఒకటే సంఘం.

ఆ గిల్‌బో ఊళ్ళో లేడు. పళ్ళు కట్టించుకోవడానికి మొక్పో పోయాడట. పళ్ళకి ఇన్ని రోజులా? మొసలికి కూడా అన్ని పళ్ళుండవు. రెండు సంఘాలనీ కలిపేసి మన చర్చికి తాళం వేయించడానికి పెద్దల సభ దగ్గరికి వెళ్ళాడని నా అనుమానం.

ఇంకొకటి. ఇది రాయడానికి పెన్సిలు రెండుసార్లు చెక్కాను. అన్నం వండే ముందు ఇంట్లో మనిషికొక చెంచా చొప్పున ప్రభువు సంచిలో బియ్యం వేస్తాం కదా. మన అమ్మ తొమ్మిది వేసేది. మా ఇంట్లో మూడు. మా ఇన్‌సొక్ పడవతో సహా సముద్రంలో పోయాక కోడలు గుమ్‌సిమ్ మూడో చెంచా ఎత్తి, ఆగి, మళ్ళీ డబ్బాలో పోసేసింది. ఆరేళ్ళ కిందటి మాట. అప్పటినుంచి రెండే.

ఇప్పుడు మళ్ళీ మూడు వేస్తోంది. నేను చూస్తున్నానని తెలిసి వీపు అటు తిప్పింది. మా ఇంట్లో మూడో మనిషి ఎవరు?

కోడలికి ఇంకా నలభై నిండలేదు. వెళ్ళేదైతే చెప్పి వెళ్ళమను. నేను వండుకోగలను. నీకేం తెలుసో దాచకుండా రాయి.

నీ అన్న
ప్యో దొక్‌మాన్, కింది చర్చి సంఘపెద్ద


మొక్పో
అక్టోబరు 1, 1984

అన్నయ్యకు,

నీ ఉత్తరం బజార్లో ఎండు చేపల బుట్ట మీద పెట్టుకుని చదివాను. ఒక ఆవిడ “ఎవరమ్మా, అంత నవ్వుతున్నావు” అంది. నవ్వు కాదది.

రెండు సంఘాలు కలిసి ప్రార్థన చేస్తుంటే సంతోషించాల్సింది పోయి అనుమానమా? ఇద్దరు ఒక్క మాట మీద నిలబడి అడిగితే దొరుకుతుందని మనకి నేర్పించింది ఎవరు? నువ్వే కదా, నేను తప్పు చెప్పినప్పుడల్లా నెత్తిన మొట్టికాయ వేసి మరీ. ఇప్పుడు నలభై ఇళ్ళు కలిశాయి. నువ్వొక్కడివీ కింద కూర్చుని గోడతో మాట్లాడుతున్నావు.

తాళం సంగతి నాకు తెలియదు. గిల్‌బో గారి పళ్ళ సంగతి పళ్ళ డాక్టరుని అడుగు. గుమ్‌సిమ్ మీద అనవసరమైన మాట ఒక్కటి కూడా అనకు. దాని చేతి కూర తింటూ దాని వీపు వంక చూస్తూ కూర్చోవడం ఏం మర్యాద?

నా నడుము పర్వాలేదు. మొన్న వానలో జావ క్యారియరు పట్టుకుని కొండ మీదికి ఎక్కి దిగేసరికి పట్టేసింది, అంతే. ఇక్కడ పీచు దోసకాయలు చవకగా ఉన్నాయి. నీకు పడని కాయ, పంపను. వేరే రకం పట్టీలు పంపుతున్నాను.

నీ చెల్లెలు
ఇల్‌రే


గల్మే దీవి
అక్టోబరు 7, 1984

ఇల్‌రే,

జావ ఎవరికి?

ఒంటరి మనిషివి. కొండ మీద నీకు చుట్టాలెవరూ లేరు. వానలో క్యారియరు పట్టుకుని ఎవరికోసం ఎక్కావు? చేపల బేరంలో నిన్నెవరూ మోసం చేయలేరు గానీ, నువ్వు ఉత్తరంలో అబద్ధం దాచలేవు. తోక బయటే ఉంటుంది.

నాకు అర్థమైంది. నీ దగ్గర ఎవణ్ణో పెట్టి మేపుతున్నావు. మా కోడలికి నువ్వే సంబంధం చూశావు. వాడి పేరు మీద ఇక్కడ చెంచా పడుతోంది. ఊరంతా కలిసి ఆ పెళ్ళి కోసం ప్రార్థన చేస్తోంది. ముసలాడు అడ్డం పడతాడని నాకు చెప్పలేదు. అంతేనా?

ప్రార్థనలో ఏమంటున్నారో వినాలని నిన్న పై చర్చి కిటికీ కింద కూర్చున్నాను. నవ్వకు. చలికి పిర్రలు రాయయ్యాయి. లోపల అందరూ ఒక్కసారి “ప్రభువా!” అని మూడుసార్లు అరిచారు. ఆ తర్వాత ఎవరి ప్రార్థన వాళ్ళు, అందరూ ఒకేసారి, గొంతెత్తి. ఒడ్డు మీద రాళ్ళు దొర్లే రోజున అల చప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది. ఎనభై గొంతులు. ఒక్క మాట విడిగా తెలియలేదు. మా కోడలి గొంతు కోసం వెతికాను. దొరకలేదు. ఒకే ఒక్కసారి నా పేరు వినిపించినట్టైంది. ఎవరన్నారో, మంచికన్నారో చెడుకన్నారో!

మన వాడుకే ఇది, నేనూ అరవై ఏళ్ళుగా అలాగే అరుస్తున్నాను. కానీ బయట నుంచి వినడం ఇదే మొదలు. బయట ఉన్నవాడికి అది భయంగా ఉంటుంది.

లేచేసరికి కొట్టు నడిపే బాంగ్ ఎదురుగా నిలబడి ఉంది. “ఏం పెద్దయ్యా, గోడకి కాపలానా?” అంది.

“సముద్రపు నాచు రేకులు ఎండబెట్టడానికి చోటు చూస్తున్నా” అన్నాను.

“నవంబరు పని అక్టోబరులోనా? చీకట్లోనా?” అని నవ్వుకుంటూ లోపలికి పోయింది.

ఇంటికొచ్చి కోడల్ని నిలదీశాను.

“అమ్మాయ్, మూడో చెంచా ఎవరిది?”

“అక్కర ఉన్నవాళ్ళది మామయ్యా.”

“వాడికి పేరు లేదా?”

“చారు చల్లారిపోతోంది. తినండి.”

ఉప్పు ఎక్కువైందన్నాను. ఎక్కువ కాలేదు.

జావ ఎవరికో రాయి. రాయకపోతే పడవెక్కి వస్తాను. పడవెక్కితే నాకు తిప్పుతుందని తెలుసుగా, అయినా వస్తాను.

ప్యో దొక్‌మాన్


మొక్పో
అక్టోబరు 13, 1984

అన్నయ్యా,

రాకు. నీ కాళ్ళు పట్టుకుంటాను, రాకు.

గుమ్‌సిమ్‌కి ఏ సంబంధమూ లేదు. అమ్మ మీద ఒట్టు. దాన్ని ఏడిపిస్తే మాత్రం నీ ముఖం చూడను.

ఒక మనిషికి ఒంట్లో బాగాలేదు. పెద్ద జబ్బు. ఆ మనిషి కోసమే ప్రార్థన, ఆ మనిషి కోసమే ఇంటింటా ఒక చెంచా ఎక్కువ. జబ్బు సంగతి ఆ మనిషికి చెప్పలేదు. చెప్పకూడదని ఇంటివాళ్ళు అందరి దగ్గరా మాట తీసుకున్నారు. చెబితే గుండె జారిపోతుందని భయం. ఇంతకంటే నన్ను అడగకు. నీ నోట్లో మాట ఆగదన్నయ్యా. చిన్నప్పుడు నాన్నకి తెలియకుండా నేను జుట్టు కత్తిరించుకుంటే, వీధి చివర నుంచే అరుచుకుంటూ వచ్చింది ఎవరు? నీకు చెప్పడమంటే గంట కొట్టి చెప్పడమే.

కొండెక్కి అందరితో కూర్చో. ఎవరి కోసమో తెలియకపోయినా ప్రార్థన చెయ్యొచ్చు.

ఇల్‌రే


గల్మే దీవి
అక్టోబరు 20, 1984

చెల్లీ,

అర్థమైంది. నేనే.

నువ్వు ఎంత చుట్టు తిప్పి రాసినా ముసలాడికి తెలివి ఉంది. జబ్బు సంగతి తెలియనివాడు ఈ దీవిలో నేనొక్కణ్ణే కదా. మార్చిలో ఆరోగ్య కేంద్రం వాళ్ళు పడవలో వచ్చి మా అందరి ఛాతీ ఫోటోలు తీశారు. మిగతావాళ్ళవి నెలలోపు వచ్చాయి. నాది ఇంకా రాలేదు. పొద్దున పూట దగ్గు ఉంది. కొత్త పట్టీలు కూడా పని చేయడం లేదు. కిటికీ కింద నా పేరు వినిపించింది కూడా. అన్నీ కలుస్తున్నాయి.

ఇంట్లో ఉన్న రోగికి మూడో చెంచా ఎందుకనుకున్నాను మొదట. నాకు రెండు వేస్తోంది, అంతే.

నాకు భయం లేదు. డెబ్బై ఒకటి నిండాయి. చెప్పేస్తే పోయేదిగా! నన్ను చూసి ఊరంతా పక్కకి తప్పుకుని గుసగుసలాడటం కంటే అది నయం. అయినా పర్వాలేదు. ఊరు నా కోసం ఒకటైంది. పై చర్చివాళ్ళు కూడా. గిల్‌బో మనుషులు నా కోసం చలిలో కొండ మీద మోకాళ్ళ మీద ఉంటారని నేను అనుకోలేదు. రెండు రాత్రులు దాని గురించే ఆలోచించాను.

అందుకని నిన్న పనులన్నీ ముగించాను. నల్ల కోటు ఎండలో వేశాను. గంట తాడు పాతబడిందని కొత్తది పేనాను. కోడల్ని కూర్చోబెట్టి చెప్పాను.

“అమ్మాయ్, నాకు తెలిసిపోయింది. దాచకు. నా తర్వాత నువ్వు ఇక్కడ ఉండక్కర్లేదు. మంచివాడు దొరికితే చేసుకో. నేనేమీ అనుకోను. అప్పటికి అనుకోవడానికి ఉండను కూడా.”

అది చేతుల్లో ముఖం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. “మామయ్యా, మీరు కాదు, మీరు కాదు” అంది. అంత ఏడ్చిందంటే నేనే.

గిల్‌బో ఇంకా రాలేదు. వచ్చాక ఒక మాట చెప్పాల్సింది ఉంది. సంఘం రెండైన మరుసటేడు వాడి భార్య పోయింది. ఆమె బాప్తిస్మం తీసుకున్నది ఆ కంచు గంట కిందే. మట్టి చేసేటప్పుడు ఆ గంట కొట్టమని మనిషిని పంపాడు. నేను కొట్టనివ్వలేదు. పై చర్చివాళ్ళకి మా గంట ఎందుకన్నాను. ఆ తర్వాతే వాడు సిలిండరు కొనుక్కొచ్చాడు. అసలు సంఘం ఎందుకు రెండైందో ఇప్పుడు అడిగితే సరిగ్గా చెప్పలేను. పట్నంలో పెద్దలు కొట్టుకున్నారు, ఇక్కడ మేం విడిపోయాం. ఆ గంట సంగతి మాత్రం గుర్తుంది.

వాడి పళ్ళు ఎప్పటికవుతాయో కనుక్కుని రాయి. నాకు టైము తక్కువ.

దొక్‌మాన్


మొక్పో
అక్టోబరు 27, 1984

అన్నయ్యా,

ఎంత మొండి తలకాయ నీది! నువ్వు కాదు. నీ ఛాతీ ఫోటో బాగానే ఉందట. ఆరోగ్య కేంద్రంలో ఎవరో దాన్ని వేరే దీవి కట్టలో పెట్టారు, గుమ్‌సిమ్ ఫోను చేసి కనుక్కుంది. నీ ఉత్తరం పట్టుకుని నేను ఏడ్చి, నవ్వి, మళ్ళీ ఏడ్చాను. ఇంక దాచలేను.

గిల్‌బో గారికి. కడుపులో గడ్డ. ఆస్పత్రిలో పొట్ట కోసి, చూసి, మళ్ళీ కుట్టేశారు. ఆయన కొడుకు, బడి పంతులు, నా ఇంటికొచ్చి చేతులు పట్టుకుని బతిమాలాడు, నాన్నకి తెలియకూడదని. ఆయనకి పుండు అని చెప్పారు. ఊరికి పళ్ళు అని చెప్పారు. నీ ఒక్కడికి తెలియకూడదన్నది నా మాటే. తిట్టుకో. మీ అందరి ఇళ్ళ నుంచి ఆ చెంచా బియ్యం సంచి పడవలో నా దగ్గరికే వస్తుంది. దానితోనే జావ కాచి ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. పై చర్చి బియ్యం, కింది చర్చి బియ్యం ఒకే గిన్నెలో ఉడుకుతాయి. నీ ఇంటి మూడో చెంచా కూడా.

ఇంకొకటి కూడా చెబుతాను. ఇన్‌సొక్ పోయిన రోజు, పొగమంచులో మీరు వెతుకుతుంటే పై చర్చి గంట ఆగకుండా మోగిందనీ, నీ కొడుకు సముద్రంలో ఉంటే వాళ్ళు ఉజ్జీవ కూటం పెట్టుకున్నారనీ ఆరేళ్ళుగా తిడుతున్నావు. ఆ రోజు ఏ కూటమూ లేదు. పడవకి ఒడ్డు ఎటో తెలియాలని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆయన ఒక్కడే ఆ సిలిండరు కొట్టాడు. ఆస్పత్రిలో ఆయన అరచెయ్యి తుడుస్తుంటే మచ్చలు కనిపించాయి. అడిగితే చెప్పాడు. “దొక్‌మాన్‌కి చెప్పకు, నేను లెక్క చెప్పుకుంటున్నాననుకుంటాడు” అన్నాడు.

వచ్చే శనివారం పడవలో ఇంటికి తీసుకొస్తున్నారు. ఇంక ఆస్పత్రిలో చేసేదేమీ లేదన్నారు. ఆయనకి మాత్రం తగ్గిందని చెప్పారు. అన్నయ్యా, నీకు దండం పెడతాను. నోరు మూసుకో.

ఇల్‌రే


గల్మే దీవి
నవంబరు 8, 1984

ఇల్‌రే,

ముందు తిట్టాల్సింది తిడతాను. ఊరికంతా చెప్పి నాకు చెప్పలేదు. నేను చిన్నపిల్లాణ్ణా? కుక్కకి కూడా తెలుసట, బాంగ్ అంది. నాకు తప్ప.

ఇప్పుడు జరిగింది విను. ఎలాగూ వాడి కొడుకు నీకు చెప్పే ఉంటాడు, ఇది నా నోటి నుంచి.

శనివారం రేవులో నేను కూడా ఉన్నాను, వెనకాల. ఇద్దరు పట్టుకుని దింపారు. కోటులో మనిషి లేడు చెల్లీ, కోటే దిగింది. అందరూ నవ్వుతున్నారు. “తగ్గిపోయిందటగా!” “రంగు తేలారే!” అంటున్నారు. వాడు ఒక్కొక్కళ్ళ ముఖం చూస్తున్నాడు. నన్ను చూశాడు. నేను నవ్వలేదు.

సోమవారం మనిషిని పంపాడు, రమ్మని. పాతికేళ్ళ తర్వాత వాడి గడప తొక్కాను. నేల కింద పొయ్యి రాజేసి గది వెచ్చగానే ఉంది, వాడు దుప్పటి కింద వణుకుతున్నాడు.

“తలుపు వెయ్యిరా” అన్నాడు. వేశాను.

“నాకేమైందిరా దొక్‌మాన్?”

“పళ్ళన్నారు.”

నోరు తెరిచాడు. “చూడు. ఒక్క కొత్త పన్ను ఉందేమో చూడు. నా కొడుకు పుండు అంటాడు. కోడలు గ్యాస్ అంటుంది. పాస్టరు దేవుని చిత్తం అంటాడు. పుట్టి బుద్ధెరిగాక ఇంతమంది నన్ను చూసి నవ్వడం ఎప్పుడూ లేదు. నువ్వొక్కడివే నవ్వలేదు. నా ముఖం మీద నువ్వు కూసిన కూతలు ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ అబద్ధం కాదు. అందుకే పిలిచాను.”

నీ మాట గుర్తొచ్చింది. నోరు మూసుకోమన్నావు. మూసుకున్నాను. వాడు చూస్తూనే ఉన్నాడు. ఇద్దరం ఒకే పుల్లతో అక్షరాలు నేర్చుకున్నవాళ్ళం. నేను తప్పు రాస్తే వాడు కాలితో చెరిపేసేవాడు.

“చస్తున్నావు” అన్నాను. “కడుపులో గడ్డ. కోసి చూసి కుట్టేశారు.”

“ఎన్నాళ్ళు?”

“చెల్లి రాయలేదు. రాసుంటే చెప్పేవాణ్ణి.”

వాడు కళ్ళు మూసుకున్నాడు. పోయాడేమోనని వంగి చూశాను. “అమ్మయ్య” అన్నాడు. “నాకు తెలుసురా. తెలిసి, తెలియనట్టు వాళ్ళ ముందు నటించలేక చస్తున్నాను. ఆకలేస్తోంది, చిలగడదుంప ఏమైనా ఉందేమో చూడు.” సగం దుంప తిన్నాడు. రేవు దిగాక వాడు తిన్నది అదే మొదలట.

“ఆ పొగమంచు రోజు కొట్టింది నువ్వేనా?” అని అడిగాను.

“ఇంకెవరు కొడతారు? నీ కంచు గంట దగ్గరికి నన్ను రానివ్వవుగా” అన్నాడు. కోపంగా కాదు, మామూలుగా.

అప్పుడు చెప్పాలి నేను, వాడి భార్య సంగతి. నోట్లోకి వచ్చింది. బయటికి రాలేదు. చస్తున్నావని చెప్పగలిగిన నోరు ఇది. ఆ చిన్న మాట దగ్గర ఆగిపోయింది. చెప్పులేసుకుని వచ్చేశాను.

సాయంత్రానికి ఊరు భగ్గుమంది. వాడి కొడుకు మా వాకిట్లో నిలబడి, “మా నాన్నని చంపేశావు ముసలోడా! వంద రోజుల ప్రార్థన ఒక్క పూటలో మంటగలిపావు!” అని అరిచాడు. మన పాస్టరు కూడా తల పక్కకి తిప్పుకున్నాడు. కోడలు ఒక్కతే వాకిట్లోకి వచ్చి నా పక్కన నిలబడింది.

కొండెక్కడానికి నాకు ఇప్పుడు మొహం లేదు.

దొక్‌మాన్


మొక్పో
నవంబరు 15, 1984

అన్నయ్యకు,

గిల్‌బో గారి కొడుకు నా మీదా ఫోనులో అరిచాడు. నేనూ నిన్ను తిట్టుకున్నాను, రెండు రోజులు. మూడో రోజు ఆయనే మళ్ళీ చేశాడు. వాళ్ళ నాన్న రాత్రంతా నిద్రపోయాడట. లేచి కోడల్ని పిలిచి, భార్య సమాధి పక్కన ఎక్కడ పెట్టాలో, ఏ కోటు వేయాలో, అన్నీ చెప్పాడట. ఆ తర్వాత, “నా కోసం పై చర్చిలో రోజూ నా వెనకాల ప్రార్థన చేస్తున్నారటగా, నన్ను కూడా తీసుకెళ్ళండి, నాకూ గొంతుంది” అన్నాడట. ఇంకో మాట కూడా అన్నాడట. అందరూ కలిశారంటున్నారు, దొక్‌మాన్ లేకుండా అందరూ ఎలా అవుతారని.

నువ్వు వెళ్ళావా? ఏమని ప్రార్థన చేశావు? నాకు చెప్పు. బియ్యం సంచి ఇంక ఇక్కడికి పంపొద్దు, ఆయన అక్కడే ఉన్నాడుగా.

ఇల్‌రే


గల్మే దీవి
డిసెంబరు 3, 1984

చెల్లీ,

నాచు రేకుల పని మొదలైంది, వేళ్ళు మొద్దుబారాయి. పెన్సిలు జారుతోంది. కొంచెమే రాస్తాను.

వెళ్ళాను. నీ ఉత్తరం వచ్చిన మర్నాడే. గంట కొట్టి, కట్టెలు మోసే చట్రం వీపుకి తగిలించుకుని గిల్‌బో ఇంటికి పోయాను. “ఎక్కరా” అన్నాను. దుప్పటి చుట్టి కూర్చోబెట్టారు. ఎండుచేప బరువు లేడు. అయినా ఇరవై అడుగులకే నా మోకాళ్ళు తిరగబడ్డాయి. పైనుంచి వాడు, “రాళ్ళు మోసిన వీపేనా ఇది?” అని ఎగతాళి. వెనక నడుస్తున్న వాడి కొడుకు వచ్చి చట్రం తన భుజాలకి తీసుకున్నాడు. నేను పక్కన చెయ్యి పట్టుకుని నడిచాను. అలా ఎక్కాం.

లోపల అందరూ జరిగారు. చోటిచ్చారు. కోడలు ఆడవాళ్ళ వైపు నుంచి చూసి తల దించుకుంది. “ప్రభువా!” అని మూడుసార్లు అరిచాం. ఆ తర్వాత అల లేచింది.

లోపల ఉన్నవాడికి అది భయంగా ఉండదు చెల్లీ. బయట నుంచి విన్న చప్పుడే, కానీ లోపల ఉంటే నీళ్ళలో పడుకున్నట్టు తేలుతుంది మనిషి. పక్కవాడి గొంతు నీ గొంతుని లేపుతుంది. ఎవరి మాట ఎవరికీ వినబడదు. నాలాంటి వాడి కోసమే ఇలా పెట్టారేమో. నోట్లో ఇరుక్కున్నది ఆ చప్పుడులో దానంతట అదే ఊడిపడింది. ఏమని చేశానని అడిగావు కదా. గంట సంగతి చెప్పాను. వాడి భార్యకి గంట కొట్టనివ్వలేదు, తప్పు నాది, అని ప్రభువుకి చెప్పాను. గొంతు చించుకుని చెప్పాను. ఎవరికీ వినబడదనే ధైర్యం.

పాస్టరు బల్ల మీద చిన్న గంట నొక్కాడు. అందరూ ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో గిల్‌బో నా వైపు వాలి, “ఇరవై నాలుగేళ్ళు పట్టిందేంరా ముసలోడా” అన్నాడు.

“విన్నావా?” అన్నాను.

“నా గడ్డ కడుపులో ఉంది, చెవుల్లో కాదు. నీ గొంతుకి రెండు సంఘాలు చాలవు” అన్నాడు.

వాడి గడ్డ కరగలేదు. నీకు అబద్ధం రాయను. రోజురోజుకీ తగ్గిపోతున్నాడు. ఇప్పుడు కొండ ఎక్కించడానికి కూడా కుదరడం లేదు. కానీ వాడి ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఊరికే నవ్వడం లేదు. ఏడ్చేటప్పుడు ఏడుస్తున్నారు, తినేటప్పుడు తింటున్నారు. కొడుకు తండ్రి కాళ్ళు పడుతూ కూర్చుంటున్నాడు. ప్రార్థన వల్ల ఏమొచ్చిందని అడిగేవాడికి ఇది చూపిస్తాను. చూడ్డం రాకపోతే నా తప్పు కాదు. ఇవాళ డెబ్బై ఎనిమిదో రోజు. మన పాస్టరు సంగతి మాత్రం నాకు ఇంకా నచ్చలేదు. నన్ను అడక్కుండా మొదలుపెట్టాడు.

కోడల్ని అడిగాను, పెళ్ళి సంగతి నిజంగానే ఏమీ లేదా అని. “మీకు చారులో ఉప్పు చూసుకోవడానికే నాకు తీరిక లేదు మామయ్యా” అంది. నిన్న పొద్దున అది బియ్యం తీస్తుంటే చెంచా నేను తీసుకున్నాను. దానికొకటి, నాకొకటి. మూడోది నిండుగా ముంచి, చేత్తో చదును చేయకుండా, నేనే వేశాను. కొంచెం బయట పడింది. ఏరి అది కూడా వేశాను.

వాడు పడుకున్న చోటికి మన కంచు గంట వినబడదట, గాలి అటునుంచి ఇటు. అందుకని ఇప్పుడు పావుగంట ముందు లేస్తున్నాను. కొండెక్కి సుత్తితో ఆ సిలిండరు కొడతాను, సొట్టపడ్డ బిందె చప్పుడే, ఏం చేస్తాం. ఆ తర్వాత దిగి వచ్చి మన తాడు లాగుతాను. ముందు వాడిది. తర్వాత నాది.

నీ అన్న
దొక్‌మాన్